పెరట్లో ఏ కోళ్లు పెంచుదాం?

గుడ్లకు ఒక రకం, పొదగడానికి ఒక రకం, కూరకు ఒక రకం... నాలుగు రకాలు కలిపి పెంచుకోవాలని చాలామంది ముచ్చటపడుతున్నారు. మంచిదే. అయితే ఏ జాతి తేవాలో ఆలోచించేటప్పుడు కోళ్ల సంగతితో పాటు ఇంట్లో ఎవరెవరున్నారు, వారి ఆరోగ్యం ఎలా ఉందన్నదీ లెక్కలోకి తీసుకోవాలి.

పెరట్లో కోళ్లు తిరగడం మన ఇళ్లకు కొత్త కాదు. ఫారం గుడ్లు వీధి చివరి కొట్లోనే దొరకడం మొదలయ్యాక, ఇళ్లు అపార్ట్‌మెంట్లయ్యాక ఆ అలవాటు తగ్గింది. ఇప్పుడు మళ్లీ కనిపిస్తోంది. ఊరి చివర స్థలం కొని ఇల్లు కట్టుకున్నవారు, ఉద్యోగ విరమణ చేసి సొంతూరికి చేరినవారు ఆరో పదో కోళ్లు తెచ్చి పెంచుతున్నారు. మా ఓపీకి బీపీ, షుగర్ మాత్రల కోసం వచ్చే పెద్దవారు చీటీ చేతికి తీసుకుని లేవబోతూ అడిగే ప్రశ్నల్లో ఇదీ ఒకటైంది. ‘డాక్టరుగారూ, ఇంట్లో కోళ్లు పెంచుకుంటే మంచిదేనా? ఏ రకం తెచ్చుకోమంటారు?’

నేను చూసేది మనుషుల జబ్బులే. కానీ ఈ ప్రశ్నలో సగం పశువైద్యులది అయితే సగం మాది. పెరటి గుడ్డు పిల్లల ఒంటికి పడితే ఎంత మేలో తెలుసు. కోళ్ల వల్ల వచ్చే విరేచనాలు, ఆయాసం, గూటి దగ్గర పాముకాట్లు మేం వార్డుల్లో చూస్తూనే ఉంటాం. అందుకే ఈ రెండు వైపులా తెలుసుకుని దిగడం మంచిది.

ముందు లెక్క చూసుకోండి

మనిషికి ఏడాదికి 180 గుడ్లు, అంటే రెండు రోజులకొకటి చొప్పున అందాలన్నది జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) చాలాకాలంగా చెబుతున్న మాట. నలుగురున్న ఇంటికి ఏడాదికి 720 గుడ్లు. ఈ అంకె దగ్గర పెట్టుకుంటే ఏ జాతివి ఎన్ని కావాలో తేలిపోతుంది.

మామూలు నాటుపెట్ట ఏడాదికి 50-70 గుడ్లు పెడుతుంది. అంటే నాటుకోళ్లతోనే 720 గుడ్లు రావాలంటే పది పన్నెండు పెట్టలు కావాలి. పట్టణంలో నాలుగు సెంట్ల ఇంటి వెనక అన్ని కోళ్లంటే శుభ్రత కష్టం, ఇరుగుపొరుగుతో తగాదా. అందుకే ఒకటి రెండు నాటుపెట్టలకు తోడు గుడ్లు ఎక్కువ పెట్టే మెరుగైన రకాలను కలిపి పెంచుకోవడం తెలివైన పని.

ఏ జాతి ఎందుకు?

నాటుకోడి: గుడ్లు తక్కువ, చిన్నవి. కానీ పొదగడంలో, పిల్లల్ని కాపాడుకోవడంలో దీన్ని మించింది లేదు. గద్ద నీడ కనిపిస్తే చాలు, పిల్లల్ని రెక్కల కింద దాచేస్తుంది. పురుగూ పుట్రా ఏరుకుని తింటుంది కాబట్టి దాణా ఖర్చూ తక్కువ. ఎండల్ని బాగా ఓర్చుకుంటుంది.

అసీల్: మన పందెంకోడి. ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా దీని సొంతగడ్డ. పొడవాటి కాళ్లు, బిగువైన ఒళ్లు, ధైర్యం దీని గుర్తులు. మాంసానికి మంచి గిరాకీ. గుడ్లు మాత్రం తక్కువే. పెట్టలు బాగా పొదుగుతాయి. చిక్కల్లా పోట్లాటతోనే. రెండు అసీల్ పుంజులు ఒక చోట ఉంటే రక్తం కారేదాకా వదలవు. పెట్టలు కూడా మిగతా రకాలను గూటి దగ్గరికి రానివ్వవు. కలిపి పెంచే మందలో అసీల్ పుంజు లేకపోవడమే మేలు.

కడక్‌నాథ్: మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతపు కోడి. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఈకలతో పాటు చర్మం, మాంసం కూడా నల్లగా ఉంటాయి. మెలనిన్ అనే రంగు పదార్థం ఒళ్లంతా పేరుకోవడమే దీనికి కారణం. గుడ్డు మాత్రం నల్లగా ఉండదు, లేత గోధుమ రంగులో ఉంటుంది. ఏడాదికి 100కు అటూ ఇటూగా పెడుతుంది. పొదగడంలో అంత శ్రద్ధ చూపదు. ‘ఇది తింటే షుగర్ తగ్గుతుందట కదా?’ అని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే. ఇది కొవ్వు తక్కువగా ఉన్న మంచి మాంసం, అంతే. షుగర్‌కీ, గుండెజబ్బుకీ, క్యాన్సర్‌కీ మందు కాదు. దీన్ని నమ్ముకుని మాత్రలు ఆపితే ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంది.

గ్రామప్రియ, శ్రీనిధి, వనరాజా: ఈ మూడూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. గ్రామప్రియ గుడ్లకు పెట్టింది పేరు. పెరట్లో తిరుగుతూ ఏడాదికి 160-180 గోధుమరంగు గుడ్లు పెడుతుంది. శ్రీనిధి గుడ్లకూ మాంసానికీ పనికొస్తుంది, 140-150 దాకా పెడుతుంది. వనరాజా బరువు బాగా పెరుగుతుంది, గుడ్లు 100-110. మాంసం ముఖ్యమనుకునేవారికి వనరాజా, గుడ్లు ముఖ్యమనుకునేవారికి గ్రామప్రియ. మూడూ రంగురంగుల ఈకలతో నాటుకోళ్లలాగే కనిపిస్తాయి కాబట్టి చెట్ల నీడలో గద్దకు తేలిగ్గా చిక్కవు. అయితే వనరాజా ఒళ్లు బరువు. కుక్క తరిమితే నాటుకోడిలా గోడెక్కి తప్పించుకోలేదు. ఏప్రిల్, మే ఎండల్లో ముందుగా రొప్పేదీ అదే.

రాజశ్రీ: ఇదీ రాజేంద్రనగర్‌లోనే, పశువైద్య విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. తెలుగు పల్లెల్లో చాలామందికి అలవాటైన రకం. గుడ్లకూ మాంసానికీ రెండింటికీ పనికొస్తుంది.

తెల్ల లెగ్‌హార్న్: ఫారాల్లో తెల్లగుడ్లు పెట్టే కోళ్ల మూలం ఇదే. సమతుల దాణా పెడితే ఏడాదికి 300 దాకా గుడ్లు పెడుతుంది. కానీ పొదగదు, బెదురు ఎక్కువ, తెల్లటి ఈకలతో దూరం నుంచే గద్దకు కనిపిస్తుంది. పెరట్లో వదిలి నూకలు చల్లితే ఆ 300 గుడ్లు రావు.

బ్రాయిలర్: ఆరు వారాల్లో రెండు కిలోలు పెరిగేలా తయారుచేసిన కోడి. పెరటి జీవితానికి పనికిరాదు. ఇంకా పెంచితే కాళ్లు ఆ బరువు మోయలేక కూలబడుతుంది. పిల్లలు ముచ్చటపడ్డారని రంగులు పూసిన బ్రాయిలర్ పిల్లల్ని సంతలో కొనొద్దు. వాటికి టీకాలు వేశారో లేదో, ఎక్కడి నుంచి తెచ్చారో ఎవరూ చెప్పరు.

నలుగురున్న ఇంటికి ఒక నమూనా

మూడు గ్రామప్రియ పెట్టలు, రెండు శ్రీనిధి పెట్టలు, ఒక నాటుపెట్ట. మొత్తం ఆరు. గ్రామప్రియ మూడూ కలిసి 480, శ్రీనిధి రెండూ కలిసి 280... వెరసి 760. ఇంటికి కావాల్సిన 720 గుడ్లు వచ్చేసినట్టే. నాటుపెట్ట గుడ్లు కొసరు. ఈకలు రాల్చే కాలంలోనూ ముదురు ఎండల్లోనూ గుడ్లు తగ్గుతాయి. రెండో ఏడాది మరికొంత తగ్గుతాయి. అందుకే లెక్కను కొంచెం ఎక్కువగానే వేసుకోవాలి. పిల్లల్ని తెచ్చిన రోజు నుంచి తొలి గుడ్డు కోసం ఐదున్నర, ఆరు నెలలు ఆగాలన్నదీ మరచిపోవద్దు.

ఒక్కరోజు పిల్లల్ని తెచ్చేటప్పుడు మరో సంగతి ఉంది. వాటిలో ఆడవెన్నో మగవెన్నో చెప్పి ఇవ్వడం అరుదు. సుమారు సగం మగవే వస్తాయి. ఐదు పెట్టలు కావాలంటే పది పన్నెండు పిల్లల్ని తీసుకోవాలి. మిగిలిన పుంజులు నాలుగైదు నెలలకు కూరకు పనికొస్తాయి. మాంసం కోసం వేరే జాతి పెట్టుకోనక్కర్లేదన్నమాట. పిల్లలకు మొదటి నాలుగైదు వారాలు బల్బు వెచ్చదనం, చలిగాలి తగలని చోటు కావాలి. ఆ తంటా వద్దనుకుంటే టీకాలు పూర్తయిన, నెలన్నర దాటిన పిల్లల్ని కొనుక్కోవచ్చు. ధర కాస్త ఎక్కువైనా చనిపోయేవి తక్కువ.

గుడ్లు పెట్టడానికి పుంజుతో పనిలేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పోషకాల్లో తేడా ఉండదు. పిల్లలు మాత్రం రావు. తెల్లవారుజామున నాలుగింటికి కూత మొదలైతే ఇంట్లో పెద్దవారికీ పక్కింటివారికీ నిద్ర కరవు. వీధుల మధ్య ఇళ్లలో పుంజు లేకుండా పెంచుకోవడమే మంచిది. స్థలం ఉండి పిల్లలు కావాలనుకుంటే ఎనిమిది పది పెట్టలకు ఒక నాటుపుంజు చాలు.

గ్రామప్రియ, వనరాజా వంటివి సంకర రకాలు. వాటి గుడ్లను పొదగేస్తే పుట్టే పిల్లల్లో తల్లి గుణాలన్నీ రావు, గుడ్లు తగ్గిపోతాయి. కాబట్టి ఆ రకాలు కావాలంటే ప్రతిసారీ హేచరీ నుంచి తెచ్చుకోవాలి. నాటుపెట్ట పొదుగుకు కూర్చున్నప్పుడు దాని కింద పది పన్నెండు నాటు గుడ్లు పెట్టండి. 21 రోజులకు పిల్లలొస్తాయి.

కలిపి పెంచేటప్పుడు

కోళ్లలో పెద్దరికం అనేది గట్టిగా ఉంటుంది. ఏది ముందు తినాలి, ఏది పై కర్ర మీద పడుకోవాలి అన్నది పొడుచుకుని తేల్చుకుంటాయి. ఒకే ఈడు పిల్లల్ని ఒకేసారి తెచ్చి కలిపి పెంచితే ఈ గొడవ తక్కువ. పెద్ద మందలోకి ఒంటరిగా ఒక చిన్న పిల్లను వదిలితే దాన్ని బతకనివ్వవు.

కొత్త కోడిని తెస్తే మూడు వారాలు దూరంగా వేరే గూట్లో ఉంచాలి. దానికి జబ్బుంటే ఈలోగా బయటపడుతుంది. దానికి మేత వేసిన చేతులు కడుక్కోకుండా పాత కోళ్ల దగ్గరికి వెళ్లొద్దు. తర్వాత రాత్రిపూట, అన్నీ కర్రెక్కాక మధ్యలో కూర్చోబెడితే తెల్లారేసరికి గొడవ తక్కువగా ఉంటుంది. మేతతొట్లు, నీళ్లగిన్నెలు రెండు మూడు చోట్ల పెడితే బలహీనమైనవీ తినగలవు. గూట్లో ఒక్కో కోడికి మూడు నాలుగు చదరపు అడుగులైనా ఉండాలి. ఇరుకైతే ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటాయి.

గుడ్లు పెట్టే కోడికి సున్నం కావాలి. దాణాతో పాటు ఆల్చిప్పల పొడి ఒక గిన్నెలో విడిగా పెట్టండి. పెంకు పలచబడితే చిట్లుతుంది, ఆ చీలిక గుండా క్రిములు లోపలికి వెళ్తాయి. ఊరగాయలు, ఉప్పు ఎక్కువైన కూరలు వేయొద్దు. బూజు పట్టిన మొక్కజొన్న, పల్లీచెక్క అసలే వద్దు. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, గుడ్డులోకీ కొంత చేరవచ్చు.

టీకాలు తప్పనిసరి. ఏటా ఎక్కువ పెరటి కోళ్లను ఊడ్చుకుపోయేది కొక్కెర తెగులు. మారెక్స్ టీకా పుట్టిన రోజే హేచరీలో వేస్తారు, వేశారో లేదో అడగండి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలు దాటాక ఇంజెక్షన్ వేయిస్తారు. మశూచికీ టీకా ఉంది. దగ్గరలోని పశువైద్యశాలలో తేదీలు రాయించుకోండి. లసోటా చుక్కలు వేసేటప్పుడు మన కంట్లో పడితే కన్ను ఎర్రబడి నీరు కారుతుంది. వెంటనే మంచినీళ్లతో బాగా కడగాలి. సాధారణంగా వారం పది రోజుల్లో తగ్గిపోతుంది.

గోధుమరంగు గుడ్డులో బలం ఎక్కువా?

గుడ్డు పెంకు రంగు జాతిని బట్టి వస్తుంది. గోధుమరంగైనా తెలుపైనా లోపలి పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. పచ్చసొన ముదురు రంగు కోడి తిన్న ఆకుకూరలు, మొక్కజొన్న వల్ల వస్తుంది. ఎండలో తిరిగి పచ్చిక తినే కోడి గుడ్డులో విటమిన్-డి, ఒమేగా-3 కొంత ఎక్కువగా ఉండవచ్చు. ఆ మేలు జాతి వల్ల కాదు, తిరుగుడు వల్ల, మేత వల్ల.

50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల నాణ్యమైన ప్రొటీన్, 70 కేలరీలు ఉంటాయి. బి12, కోలిన్ దండిగా ఉంటాయి. శాకాహారం ఎక్కువగా తినే మన ఇళ్లలో బి12 లోపం తరచూ చూస్తుంటాం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయితే రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు గుడ్డొక్కటే చాలనుకోవద్దు. గుడ్డులోని ఇనుము తక్కువ, అది ఒంటికి పట్టేదీ తక్కువే. ఐరన్ మాత్రలు రాసి ఇస్తే అవి వాడాల్సిందే. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు రోజుకో గుడ్డు పచ్చసొనతో సహా తినొచ్చు. షుగర్, గుండెజబ్బు, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు తమ డాక్టరును అడిగి తినాలి.

ఇంట్లో ఎవరున్నారు?

జాతి ఎంచుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోండి.

అయిదేళ్లలోపు పిల్లలుంటే: చూడటానికి ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్టలో కూడా సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ వంటి క్రిములు ఉండవచ్చు. పాకే పిల్లలు నేల మీద చేయి పెట్టి ఆ చేయి నోట్లో పెట్టుకుంటారు. కోడిపిల్లల్ని ముద్దుపెట్టుకుంటారు. ఇథియోపియాలో జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. కోళ్లున్న ఇళ్లలో పిల్లల ఎదుగుదల మెరుగ్గా ఉందనీ, కోళ్లను రాత్రి మనుషులతో పాటు ఇంట్లోనే ఉంచిన చోట మాత్రం పిల్లల ఎత్తు తగ్గిందనీ అందులో తేలింది. గూడు ఎక్కడ కట్టాలో చెప్పడానికి ఇంతకన్నా వేరే మాట అక్కర్లేదు. వంటింటికీ పడకగదికీ దూరంగా, నేలకు ఎత్తుగా కట్టండి. పిల్లలు ఆడే చోటుకూ కోళ్లు తిరిగే చోటుకూ మధ్య వల కట్టండి. ఈ ఇళ్లకు పొడిచే అసీల్ వద్దు, నెమ్మదైన గ్రామప్రియ, శ్రీనిధి మేలు. పుంజు ముక్కు, కాలి ముల్లు పిల్లల కళ్ల ఎత్తులోనే ఉంటాయని గుర్తుంచుకోండి. గాయమైతే సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమేమో చూపించుకోండి.

ఆస్తమా, పాత ఊపిరితిత్తుల జబ్బు ఉంటే: కోళ్ల రెట్ట ఎండి దుమ్ముగా లేస్తుంది. ఆ దుమ్ము, ఈకల పొడి ఆయాసాన్ని రేపుతాయి. కొందరిలో ఊపిరితిత్తులే క్రమంగా గట్టిపడతాయి. పావురాలతో దీన్ని ఎక్కువగా చూస్తాం, కోళ్లతోనూ రావచ్చు. గూడు ఊడ్చిన రోజు సాయంత్రం జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి మర్నాటికి తగ్గి, మళ్లీ ఊడ్చిన రోజు వస్తుంటే డాక్టరుకు కోళ్ల సంగతి తప్పక చెప్పండి. ఇలాంటివారు ఉన్న ఇంట్లో గూడు శుభ్రం చేసే పని వేరొకరు చేయాలి. మాస్కు కట్టుకుని, ముందు కాస్త నీళ్లు చిలకరించి ఊడవాలి. తగ్గకపోతే కోళ్లు మానుకోవడమే వైద్యం.

గర్భిణులు, 65 దాటినవారు, కీమోథెరపీ తీసుకుంటున్నవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు: గుడ్లు తినొచ్చు, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి తినాలి. పచ్చిగుడ్డు పాలలో కలిపి తాగడం, సగం ఉడికిన ఆమ్లెట్ ఎవరికీ మంచిది కాదు, వీరికి అసలే వద్దు. గూడు పని వీరికి అప్పగించొద్దు.

అందరికీ ఒక మాట: కోడిని, గుడ్డును ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. పెరటి చెప్పులు ఇంట్లోకి రాకూడదు. కోడి మాంసాన్ని సింకులో కుళాయి కింద ధారగా కడిగితే తుంపర్లతో క్రిములు వంటగట్టంతా పడతాయి. ఎసట్లో బాగా ఉడికితే క్రిములు చస్తాయి, కడిగితే కాదు. పచ్చిమాంసం కోసిన కత్తితో, పలకతో అలాగే కూరగాయలు తరగొద్దు. రెట్టను రెండు మూడు నెలలు కుప్పగా మాగనిచ్చాకే ఆకుకూరల మడికి వేయాలి. పాత ఇళ్లలో రాలిన రంగు పెచ్చులు, పాడైన బ్యాటరీలు పడేసిన చోట కోళ్లను మేయనివ్వొద్దు. ఆ మట్టిలోని సీసం గుడ్డులోకి చేరి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

చచ్చేలోపు కోసేద్దామా?

కోడి నలతగా ఉంటే ‘చచ్చి దండగవుతుంది, ఈలోపే కోసేద్దాం’ అనే అలవాటు మన ఊళ్లలో ఉంది. ఇది చాలా ప్రమాదం. బర్డ్‌ఫ్లూ 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల్లో కోళ్లను చంపింది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్నారి హెచ్‌5ఎన్‌1తో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. మనుషులకు ఇది సోకడం చాలా అరుదే. కానీ సోకితే ప్రాణం మీదికి తెస్తుంది. జబ్బు కోడిని కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పచ్చిమాంసం ముట్టుకున్నప్పుడు ముప్పు ఎక్కువ. బాగా ఉడికిన మాంసంతో, గుడ్డుతో ఈ భయం లేదు.

ఒకటి రెండు రోజుల్లోనే రెండు మూడు కోళ్లు ఉన్నట్టుండి చనిపోయినా, తల వాచినా, జుట్టు నీలిరంగుకు తిరిగినా పశువైద్యశాలకు కబురు చేయండి. చచ్చినదాన్ని చేత్తో ముట్టుకోవద్దు, కాలువలో పారేయొద్దు. బర్డ్‌ఫ్లూ తేలితే కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నిటినీ, పెరటివాటితో సహా తీసేస్తారు. దీనికి పరిహారం ఉంది. దాచిపెడితే మాత్రం మొదట ప్రమాదంలో పడేది మన పిల్లలే. జబ్బు కోళ్లను తాకిన పది రోజుల్లోపు ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఆసుపత్రికి వచ్చి ముందుగా ఆ విషయమే చెప్పండి. మేం చేయాల్సిన పరీక్షలు, వాడాల్సిన మందు ఆ ఒక్క మాటతో మారిపోతాయి.

మన మాత్రలు కోళ్లకు వద్దు

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలిపి కోళ్లకు తాగించేవారున్నారు. కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయాటిక్‌తో తగ్గదు. మందు మాత్రం గుడ్డులోకి, మాంసంలోకి వస్తుంది. మందుకు లొంగని క్రిములు పెరట్లోనే తయారవుతాయి. వార్డులో ఏ మందుకూ తగ్గని ఇన్‌ఫెక్షన్లకు మేం చివరి ఆయుధంగా దాచుకునే కొలిస్టిన్‌ను కోళ్ల పెంపకంలో విచ్చలవిడిగా వాడటం వల్లే 2019లో కేంద్రం దాన్ని ఆహారానికి పెంచే జంతువులకు వాడకుండా నిషేధించింది. పశువైద్యుడు మందు రాస్తే, ఎన్నాళ్లు ఆ కోడి గుడ్లు, మాంసం తినకూడదో అడిగి రాసుకోండి.

గూటి దగ్గర పాము

చల్లిన గింజలకు ఎలుకలు, ఎలుకలకూ గుడ్లకూ పిల్లలకూ పాములు వస్తాయి. చీకట్లో గంప కింద చేయి పెట్టి గుడ్డు వెతకడం, చెప్పుల్లేకుండా గూడు మూయడానికి వెళ్లడం మానండి. టార్చి తప్పనిసరి. గూటికి వేలు కూడా దూరనంత సన్నటి ఇనుప వల కొట్టండి. సాయంత్రానికి మిగిలిన గింజలు ఎత్తేయండి. గుడ్లు పగలే తీసేయండి. కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం... ఏవీ వద్దు. కాటు పడ్డ కాలో చేయో కదలకుండా ఉంచి వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకురండి. విరుగుడు మందు ఉచితంగా ఉంటుంది.

సందేహాలు

కోడిమాంసం తింటే ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వస్తుందా?
రాదు. అది మనిషి నుంచి మనిషికి సోకే వైరస్. కోళ్లకు వచ్చే మశూచి వేరు, అది మనకు రాదు.

గుడ్లను కడిగి దాచుకోవాలా?
రెట్ట అంటుకుంటే పొడి గుడ్డతో తుడవండి. కడిగితే పెంకు మీది సహజమైన పొర పోతుంది. తప్పనిసరై కడిగితే వెంటనే వండేయండి. చిట్లిన గుడ్లు పారేయండి.

నాటుకోడి వేడి చేస్తుందంటారు, వేసవిలో పిల్లలకు పెట్టొచ్చా?
పెట్టొచ్చు. ఇబ్బంది పెట్టేది ఎక్కువ నూనె, మసాలా. నీళ్లు, మజ్జిగ బాగా తాగించండి.

సంక్రాంతి కోసం అసీల్ పుంజును పెంచితే?
పందెం చట్టరీత్యా నేరం. కాలికి కట్టే కత్తి మనుషులకూ ప్రమాదమే. 2021లో జగిత్యాల జిల్లాలో ఆ కత్తి తగిలి ఒక మనిషి ప్రాణమే పోయింది. అసీల్‌ను దాని అందం కోసం, మాంసం కోసం విడిగా పెంచుకోండి.

మొదటిసారి పెంచేవారు ఆరు పెట్టలతో మొదలుపెట్టండి. ఒక ఏడాది గడిచాక గుడ్లు సరిపోతున్నాయా, ఇంట్లో ఎవరికైనా దగ్గు, విరేచనాలు ఎక్కువయ్యాయా అని చూసుకుని పెంచాలో తగ్గించాలో నిర్ణయించుకోండి. రోజూ ఉదయం పదిహేను నిమిషాలు గూడు శుభ్రం చేయగలిగిన ఇంటికి కోళ్లు లాభమే. అంత తీరిక లేని ఇంటికి కొట్లో గుడ్లే మేలు.